ఒక బకెట్టు తోడు

నిన్న నంద్యాల బైపాస్ మీద నా ముందు ఒక ట్యాంకరు పోతూ ఉంది. వెనక కుళాయి దగ్గర నల్లగా, చిక్కగా ఏదో కారి ఎండకు మెరుస్తోంది. వాసన సోకగానే అది చెరకు నుంచి చక్కెర తీశాక ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి అని తెలిసింది. మాడిన బెల్లం వాసన, దాని అడుగున కాస్త పులుపు. బండి పక్కకు ఆపుకున్నాను. నాకు గుర్తొచ్చింది ఫ్యాక్టరీ కాదు, సరోజ గారు.

ఎనభైల మొదట్లో నేను నంద్యాల దగ్గర ఒక చిన్న స్పిరిట్ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. ప్రయోగశాల అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక మైక్రోస్కోపు. నా చదువు పదో తరగతితో ఆగింది. పాత పుస్తకాల అంగట్లో లాగరిథమ్ పట్టికలు కొనుక్కొని సొంతంగా నేర్చుకున్నాను. మడ్డి ఎంత, నీళ్లు ఎంత, స్పిరిట్ ఎంత దిగుతుంది అన్న లెక్కలన్నీ నావే. నన్ను తప్పుపట్టినవారు లేరు కాబట్టి లెక్కకు అందనిది లేదనుకునేవాణ్ణి. సరోజ గారు ఆళ్లగడ్డ మిషన్ బడి పంతులుగారి అమ్మాయి. ఇప్పుడు ఇండస్ట్రియల్ బయోటెక్నాలజీ అంటున్న చదువు యూనివర్సిటీలో చదివేవారు. ఆ పేరు అప్పట్లో మాకు తెలియదు. "పులియబెట్టే చదువంట" అనుకునేవాళ్లం. యూనివర్సిటీలో వేరుచేసి పెంచిన ఒకే జాతి ఈస్టుతో, మరేదీ కలవకుండా, ఒక తొట్టి మడ్డిని పులియబెట్టి ఎంత స్పిరిట్ వస్తుందో చూపించాలి. అదీ ఆమె ప్రాజెక్టు. మేనేజరు ఒక్క తొట్టి, ఒక్కసారికి ఇచ్చాడు. చెరకు సీజను ముగింపుకొచ్చింది. ఈ ఫలితం ఉంటేనే ఆ ఏడు పట్టా. పట్టా ఉంటేనే ఆళ్లగడ్డ కాలేజీలో ఖాళీగా ఉన్న లెక్చరర్ ఉద్యోగం.

పొద్దున ఈస్టు పోశారు. మధ్యాహ్నం దాటినా తొట్టిలో ఒక్క బుడగ లేదు. ఆమె తొట్టి అంచుకు చెవి ఆనించి నిలబడ్డారు. పక్క తొట్లు కుతకుతమంటుంటే ఇది మాత్రం చెరువులా పడుకుని ఉంది. తొట్ల మేస్త్రీ హుసేనప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొంగుతున్న పాత తొట్టి నుంచి నురుగు తీసి కొత్త తొట్టిలో పోయడం అక్కడి ఆనవాయితీ. దాన్ని తోడు అనేవాళ్లు. బకెట్టును కళ్లకద్దుకోకుండా ఆయన ఎప్పుడూ పోయలేదు.

"ఏంది పాపా, ఇంగా కదల్లేదే? తోడు ఎయ్యకుండా పాలన్నా పేరుకుంటాయా?" అన్నాడు.

"చూద్దాంలే అన్నా," అని ఆమె ముఖం తిప్పుకున్నారు. నాలుగైతే ఆళ్లగడ్డ బస్సు. వెళ్లేటప్పుడు నాతో, "ఈ రాత్రి గడిస్తే చాలు సుబ్బన్నా," అన్నారు.

మరునాడు ఆమె వచ్చేసరికి తొట్టి పైదాకా పొంగి ఉంది. నేను స్పిరిట్ లెక్క కట్టాను. మామూలు కంటే ఎక్కువే రాబోతోంది. ఆమె నవ్వి, ఒక చుక్క తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టారు. ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోవడం నేను చూస్తూ ఉన్నాను. ఆమె ఈస్టు గుండ్రంగా, విడివిడిగా ఉండాలి. ఇక్కడ సన్నటి గొలుసులు, పుల్లల్లాంటివి కూడా ఉన్నాయి. తొట్ల దగ్గరికి పోయి, "ఎవరన్నా దీన్ని ముట్టుకున్నారా?" అని అడిగారు. అందరూ నేల చూశారు. హుసేనప్ప ఒక్కడే నవ్వుతూ ముందుకొచ్చాడు.

"నేనే పాపా. నువ్వు ఏడుపు మొగం పెట్టుకోని బస్సుకు పోతాంటే సూడలేకపోయినా. పక్కతొట్టి నురుగు ఒక బకెట్టు పోసినా. ఇప్పుడు సూడు, ఎట్ల పొంగుతాందో."

మేనేజరు వచ్చి తలుపులో నిలబడ్డాడు. "రేపు మీ సార్ వస్తాండాడు. ఫలితం బాగుంది, సూపించు. బకెట్టు సంగతి ఎవురిక్కావాలమ్మా?" అన్నాడు. నేను కూడా, "తొట్టిలో అది వెయ్యో వంతు మేడమ్, లెక్కలోకి రాదు," అన్నాను. ఆమె నా వైపు చూశారు.

"చెంబెడు పాలకు మీ అమ్మ ఎంత తోడేస్తాది సుబ్బన్నా?"

చెంచాడే అని ఒప్పుకున్నాను. "నీ లెక్క నీళ్లకు సరిపోతాది. ఇవి ప్రాణమున్నవి. రెండు గంటలకొకసారి రెట్టింపైతే, నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా కట్టు." కాగితం తీసుకుని కట్టాను. పద్దెనిమిది గంటలు, తొమ్మిది రెట్టింపులు. వెయ్యో వంతు తొట్టిలో సగమైంది. పెన్సిలు కింద పెట్టేశాను. నేను కూడికలు, గుణకారాలు చేసిన ఇన్నేళ్లలో, లెక్క నా వెనక తనంతట తాను పెరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

యూనివర్సిటీ సారు మరునాడు వచ్చి, పొంగు చూసి, "బాగుందే," అన్నారు. మేనేజరు నవ్వాడు. హుసేనప్పకు అప్పటికే విషయం అర్థమైంది. తలగుడ్డ చేతిలోకి తీసుకుని గోడవారగా నిలబడ్డాడు. "ఇది నా ఈస్టు పని కాదు సార్. ఇంకో తొట్టి నురుగు కలిసింది," అన్నారు సరోజ గారు.

"ఎవరు కలిపారు?"

మేనేజరు చూపు హుసేనప్ప మీదికి పోయింది. అక్కడ ఉద్యోగం పోవడానికి అంతకంటే చిన్న కారణాలు చాలేవి.

"నేనేం చేస్తున్నానో ఇక్కడ పనిచేసేవాళ్లకు నేను చెప్పలేదు సార్. అందువల్ల కలిసింది."

"అంటే నీ దగ్గర ఫలితం లేదు."

"లేదు సార్."

ఆ ఏడు పట్టా రాలేదు. ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. వేసవిలో ఒక ఆదివారం ఆళ్లగడ్డకు పోయి వాళ్లింటి తలుపు తట్టాను. ఆమె ఇంకా చర్చి నుంచి రాలేదు. పంతులుగారు నన్ను కూర్చోబెట్టి, తానూ ఎదురుగా కూర్చున్నారు. "నోరు మూసుకోనుంటే ఈపాటికి పాప ఈడ్నే కాలేజీలో పాఠం చెప్తాండేది అంటాండారప్పా ఊర్లో. నువ్వు లెక్కలోనివి, నువ్వేమంటావ్?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. మళ్లీ ఆయనే, "నేనూ అదే అడిగినా. 'నువ్వు బళ్లో చెప్పిందే గదా నాయనా' అనింది," అని మంచినీళ్ల కోసం లేచారు.

మరుసటి సీజనుకు ఆమె మళ్లీ వచ్చారు. మేనేజరును ఎలా ఒప్పించారో నాకు తెలియదు. ఈసారి తొట్టి దగ్గరికి పోకముందే హుసేనప్పను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఆయన ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని, చాలాసేపు తంటాలు పడ్డాడు.

"సగ్గుబియ్యం మాదిరుండాయే పాపా."

"అదే నా తోడు అన్నా. దాంట్లో ఇంకోటి పడితే, ఏది పనిచేసిందో నాకు తెలీకుండా పోతాది."

"ఈ మాట పోయినేడు సెప్పింటే, తొట్టికాడికి ఈగను గూడా రానిచ్చేటోన్ని కాదు గదా."

"చెప్పలేదన్నా. నాదే తప్పు."

ఈస్టును ఆయన చేతే పోయించారు. బకెట్టును ఎప్పటిలాగే కళ్లకద్దుకున్నాడు. తొట్టి ఆ రోజు కూడా ఆలస్యంగానే కదిలింది. ఈసారి ఎవరూ దాని దగ్గరికి పోలేదు. స్పిరిట్ తక్కువే దిగింది, మా మామూలు తొట్ల కన్నా తక్కువ. "పోయినేటిదే బాగుండె గదమ్మా," అన్నాడు మేనేజరు. "అది నాది కాదు సార్. ఇది నాది," అని ఆ తక్కువ అంకెనే తీసుకుని పోయారు. పట్టా వచ్చింది. ఉద్యోగం మాత్రం సొంత ఊళ్లో కాదు, డోన్‌లో దొరికింది.

నేను ఇప్పుడు ఒక పాల డెయిరీకి లెక్కలు చూస్తాను. కొత్తగా చదువుకుని వచ్చినవాళ్లు చక్కటి అంకెలు తెచ్చి బల్ల మీద పెడతారు. కూడిక సరిచూడటం నాకు నిమిషం పని, అయినా వెంటనే చూడను. నువ్వు ఏం కొలుస్తున్నావో అక్కడ పాలు దించేవాళ్లకు చెప్పావా అని అడుగుతాను. చాలామంది చెప్పి ఉండరు. ముందు పోయి చెప్పి, మళ్లీ కొలుచుకుని రా అంటాను. కొందరికి కోపం వస్తుంది. రెండోసారి తెచ్చిన అంకె సాధారణంగా మొదటిదాని కన్నా తక్కువ ఉంటుంది. దాని కింద సంతకం పెడతాను.