మామిడి మీద ఒట్టు

ఈ ప్రయాణానికి కారణం ఒక మామిడిపండు. మా కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పే రమణి ఈ వేసవిలో రాజపాళయం పక్కనున్న సేత్తూరు నుంచి దాన్ని తెచ్చింది. ఎవరో పైన కూర్చుని లేచినట్టు బల్లపరుపుగా ఉంది. కొరికితే తొక్క దగ్గర పులుపు, టెంక దగ్గరికి పోయేకొద్దీ తీపి, చివర్లో సన్నగా కర్పూరం వాసన. నేను వృక్షశాస్త్రం చెప్పుకుని బతికేదాన్ని. పైగా ఇంటి వెనక దేశవాళీ మామిళ్ళు పెంచే పిచ్చి కూడా ఉంది. ఇంక ఆగుతానా?

చెట్టు రమణి మేనత్త వెంకటమ్మాళ్‌ది. తరతరాలుగా తమిళనాడులోనే ఉన్నా, ఆ వైపు చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఫోన్ చేసి నాలుగు కొమ్మలు కావాలన్నాను. "ఒట్టు పెట్టితేనే కొమ్మ. లేకుంటే రావద్దు" అని పెట్టేసిందావిడ. నాకు ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషితో నేను ఒట్లు వేయడమేమిటి? అయినా పండు రుచి గుర్తొచ్చి తగ్గాను. నాలుగైదు కొమ్మలకు ఆకులు ముందే తీసేసి ఉంచమని రమణితో చెప్పించి, జూలైలో బయలుదేరాను. ఆకులు తీసేస్తే కొమ్మ చివరి మొగ్గ ఉబ్బి, అంటుకు సిద్ధమవుతుంది.

తిరుపతి నుంచి మధ్యాహ్నం బస్సులో చెన్నై, ఎగ్మూరులో రాత్రి రైలు. శుక్రవారం అయితే మాత్రం బెర్తు ముందే రిజర్వు చేయించుకోండి, తరువాత నన్ను తిట్టుకోకండి. తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో రాజపాళయంలో దిగాను. పడమట కొండలు సగం మబ్బులో ఉన్నాయి, చీర నిలవనివ్వని గాలి. బస్టాండు దగ్గర సగంరోజుకు గది తీసుకుని స్నానం చేశాను. ఎదురు హోటల్లో ఇడ్లీలు తిన్నాను, సాంబారు రెండుసార్లు అడిగి పోయించుకున్నాను.

సేత్తూరు బస్సులో నా పక్కన వంకాయ నారు కట్టలతో ఒకావిడ కూర్చుంది. నేను ఫోన్‌లో మాట్లాడటం విని, "మీరు ఆంధ్రావా? టీవీలో మాదిరి మాట్లాడతారే" అంది.

"మరి మీరెలా మాట్లాడతారు?"

"మేము మామూలుగా మాట్లాడతాము" అంది. నాకు నవ్వాగలేదు.

గేటు మీద తమిళంలో ఎస్.ఆర్. వెంకటమ్మాళ్ అని ఉంది. డెబ్బై అయిదు దాటిన మనిషి, నాకంటే పొడుగు, కొంగు బిగించి దోపుకుని ఎదురొచ్చింది. కాఫీ ఇచ్చింది. తాగాక నేను దారంతా కూడబలుక్కున్న మాట ఒక్క గుక్కలో అప్పజెప్పాను. "మా అమ్మ మీద ఒట్టు పెద్దమ్మా. ఈ కొమ్మలు ఎవరికీ అమ్మను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీ అమ్మ మీద ఎట్ల ఒట్టు పెడతావు పాపా? మామిడి మీద గదా పెట్టాల?"

ఆవిడ ఒక వేలికి ఇంకో వేలు ఆనించి, చుట్టూ దారం కట్టినట్టు చూపించింది. అప్పుడు తెలిసింది. మనం అంటు అనేదాన్ని వాళ్ళు తమిళంలో లాగా ఒట్టు అంటారు. మన ఒట్టు వాళ్ళకు సత్యం. ఆవిడ అడిగింది నా మాట కాదు, నా చేతి పని. నవ్వి నవ్వి ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

పెరట్లో చెట్టు చూశాక నా నవ్వు ఆగిపోయింది. తొలిచే పురుగు మానును తినేసింది. తడితే డొల్ల శబ్దం. ఒక పక్క పూర్తిగా ఎండిపోయింది.

"నర్సరీ ఆయన రెండు తూర్లు ఒట్టు పెట్టినాడు. రెండూ ఎండిపోయినవి" అంది వెంకటమ్మాళ్. "ఈ ఆడి నెల గాలికి ఇది నిలిచేది కష్టం. నేను కాపురానికి వచ్చిన సంవత్సరమే తొలి కాపు కాసింది. ఇది పోతే అప్పురం ఈ రుచి యాడ వెతికేది? నా కొమ్మ ఒకటి ఇక్కడే పెట్టిపో. మిగిలినవి నువ్వు ఎత్తుకో."

రాలిన టెంకల నుంచి మొలిచిన మొక్కల్లో ఒక్కటే సరైన వయసులో ఉంది, కాడ ఇంకా ఎర్రగానే ఉంది. దాని తల కోసి, నిలువునా చీల్చి, కొమ్మ మొదలు రెండు పక్కలా చెక్కి అందులో దింపాను. ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టి, పైన కవరు తొడిగాను. ఆవిడ పమిట పరిచి గాలికి అడ్డంగా నిలబడింది.

"పట్టుకుంటుందా?"

"చెప్పలేను పెద్దమ్మా. మూడు వారాలు చూడాలి."

"దీనికి సత్యం చేయవా?"

"చేయను."

"సరి. అబద్ధం చెప్పలేదు" అని అన్నానికి లేపింది. పనసగింజల పులుసు వేసింది. రెండోసారి అడగడానికి సిగ్గుపడలేదు.

మిగిలిన నాలుగు కొమ్మలనూ దగ్గర్లోని సత్రపట్టి అనే ఊరి మగ్గాల నుంచి వచ్చిన పల్చటి గాజుగుడ్డ తడిపి చుట్టి ఇచ్చింది. అక్కడ నేసేది ఆస్పత్రుల కట్టుగుడ్డేనట. సాయంత్రం రైల్లో ఎదురు సీటు పెద్దాయన ఆ మూటను చాలాసేపు చూసి, ఎవరికి దెబ్బ తగిలిందని తమిళంలో అడిగాడు. మామిడికి అన్నాను. ఆయన మర్యాదగా కిటికీ వైపు జరిగాడు.

పండు తినాలనుకునేవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళండి. చెట్లు చూడాలనుకుంటే ఏ నెలైనా సరే. తెలుగు వస్తుందని మరీ ధీమాగా మాత్రం వెళ్ళకండి.

ఆగస్టులో వెంకటమ్మాళ్ ఫోన్ చేసింది. "చెట్టు మొన్న గాలికి పడిపోయినది పాపా. నువ్వు పెట్టిన ఒట్టు కూడా ఎండిపోయినది. నీవి?"

నేను ఇంటికొచ్చి కట్టిన నాలుగు అంట్లలో రెండింటికి రాగిరంగు చిగుళ్ళు వచ్చాయి. ఆ మాట చెప్పాలంటే దొంగతనం చేసినట్టు అనిపించింది.

"రెండు బతికాయి పెద్దమ్మా. ఒకటి మీదే. వానలు తగ్గాక తెచ్చి నాటుతాను."



"తేవద్దు. ఈడ పురుగు ఉండాది, గాలి ఉండాది. మళ్ళా పోగొట్టుకొనేదానికి నాకు ఓపిక లేదు. ఆడనే పెరగనీ. కాయ ఎప్పుడు వస్తాది?"

"నాలుగేళ్ళు పడుతుంది" అన్నాను, ఆవిడ వయసు తలుచుకుంటూ.

"సరి, నాలుగేండ్లు నేను ఉంటాను. తినేదానికి ఆడికి వస్తాను, రైలు టికెట్టు నువ్వు ఎత్తు" అంది.