కాదనగలిగే మనిషి

వెల్దా క్రాంట్జ్ మా ఊరి బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆమె పక్క పొయ్యి దగ్గర ఆర్డిస్ టోలెఫ్‌సన్ ఉండేది. గిన్నెలు కడిగేదాన్ని నేను. వాళ్ళిద్దరికీ ఒక్కనాడూ పడలేదు. పిల్లలు అడిగితే ఆర్డిస్ రెండో గరిటె వేసెయ్యబోయేది. వెల్దా ఆమె చెయ్యి పట్టుకుని ఆపేది.

"ముందున్నవాళ్ళకే దోచిపెడితే చివర నిలబడ్డవాడికి ఏం పెడతావే? నీ తలకాయా?"

ఆర్డిస్‌కు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అన్న ఓరిన్ ఒక్కడే మిగిలాడు. ముసలితనంలో ఆయన, లాటరీ తగిలిందంటూ ఫోన్లు చేసేవాళ్ళ మాట నమ్మి ఉన్న పొలమంతా అమ్మి వాళ్ళకు పంపేశాడు. కౌంటీ సర్కారు వాళ్ళు దయతలచి ఇచ్చిన గదిలో పోయాడు. అన్నను పాతిపెట్టిన వారానికే ఆర్డిస్ లాయరు దగ్గరికి వెళ్ళి, తన డబ్బు వ్యవహారాలు చూసే అధికారం ఇస్తూ, తన మతి చెదిరినా రద్దు కాని పవర్ ఆఫ్ అటార్నీ రాయించింది. రాయించింది వెల్దా పేరున.

ఆ సంగతి వంటగదిలో చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"నీ మొగుడి మేనల్లుడు కర్ట్ ఉన్నాడు. ఇదిగో, ఇదుంది," అంది వెల్దా నన్ను చూపిస్తూ. "మధ్యలో నేనెందుకు?"

"వీళ్ళకి నేనంటే ప్రేమ. నేనేడిస్తే ఇచ్చేస్తారు. నువ్వివ్వవు. నా మీద కసితోనైనా ఇవ్వవు."

వెల్దా చేతులు తుడుచుకుంది. "అది నిజమే," అంది.

"ఇంకొక్కటి. రేపు నాకు మతి పోతే ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదు. నువ్వూ అంతేనే," అంది ఆర్డిస్ నావైపు తిరిగి. ఇద్దరం సరేనన్నాం.

ఆరేళ్ళకు ఆ రోజు వచ్చింది. వండిన కూర మళ్ళీ పొయ్యిమీద పెట్టి మాడ్చడంతో మొదలైంది. తర్వాత ఒక మగ గొంతు ఫోన్లో ప్రేమించడం మొదలుపెట్టింది. ఓడ కెప్టెన్నని, రేవులో చిక్కుకున్నానని, డబ్బు కడితే వచ్చి పెళ్ళాడతానని చెప్పేవాడు. డెబ్భై నాలుగేళ్ళ ఆర్డిస్ పెదాలకు రంగు వేసుకుని ఫోను పక్కన కూర్చునేది.

ఆర్డిస్ మతి చెదిరిందని వెల్దా డాక్టరు చేత కాగితం రాయించుకుంది. దాచిన సొమ్మంతా ఆర్డిస్ పేరునే, ఆమె చేతికి అందని ఖాతాలోకి మార్చింది. వారానికి అరవై డాలర్లు మాత్రం ఇచ్చేది. ఫోను నంబరు మార్పించింది. ఆర్డిస్ ఆమె కాళ్ళు పట్టుకుంది.

"ఒక్కసారి మాట్లాడనియ్యవే! ఆయన చచ్చిపోతాడు!"

"చావనీ," అంది వెల్దా.

ఆ ఆదివారం చర్చి కింద గదిలో కాఫీల దగ్గర ఆర్డిస్ వెక్కి వెక్కి ఏడ్చింది. "నా డబ్బంతా మింగేసింది! నా ఇంట్లో నన్నే ముష్టిదాన్ని చేసింది!" పక్కనున్న ఆడవాళ్ళు ఆమెను పొదువుకున్నారు. వెల్దా తెచ్చిన పిండివంటల పళ్ళెం వైపు ఎవరూ చెయ్యి చాచలేదు. ఆమె పళ్ళెం తీసుకుని ఇంటికి పోయింది. తర్వాత కొట్లో ఎవరో వినబడేలా "ముసలిదాని సొమ్ముతో కొంటున్నావా?" అన్నారు. వెల్దా చిల్లర లెక్కపెట్టుకుని సంచి ఎత్తుకుంది.

నాకు నిజం తెలుసు. ఇచ్చిన మాట ఉందిగదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. అందరితో కలిసి వెల్దాను తిట్టుకోవడం సుఖంగా ఉండేది. ఆపైన ఆర్డిస్ నా గుమ్మంలో నిలబడి ఏడిస్తే, మూడు వందలు పెట్టి ఆ కెప్టెన్ అడిగిన గిఫ్ట్ కార్డులు నేనే కొనిచ్చాను. ప్రార్థన పుస్తకంలో రాసి పెట్టుకున్న వాడి నంబరుకు మా ఫోన్లోంచే చేసి, కార్డుల మీది అంకెలూ తన కొత్త నంబరూ చెప్పింది.

సంగతి తెలిసి వెల్దా మా ఇంటికి వచ్చింది. "వాడికి కొత్త నంబరు చేరింది. రాత్రీ పగలూ మోగుతోంది. నీ జాలి తగలెయ్య," అని వెళ్ళిపోయింది.

తర్వాత ఆర్డిస్‌ను వృద్ధాశ్రమంలో చేర్చింది. ఊళ్ళోకెల్లా మంచిది అదే. ఎండ పడే గది. ఐదేళ్ళు, ప్రతి మంగళవారం వెళ్ళి గోళ్ళు తీసేది. ఆర్డిస్‌కు మనుషులందరూ మరుపున పడ్డారు, వెల్దా తప్ప. చూడగానే "దొంగముండ వచ్చింది!" అని అరిచేది. ఒకసారి మణికట్టు కొరికితే నాలుగు కుట్లు పడ్డాయి. వెల్దా రెండో చేత్తో గోళ్ళు తీయడం పూర్తి చేసిందని నర్సు చెప్పింది.

మార్చిలో ఆర్డిస్ పోయింది. ఆమెతోనే వెల్దా అధికారమూ పోయింది. సమాధి చేశాక పెట్టిన భోజనాల దగ్గర కర్ట్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇది అయినవాళ్ళకి, ఆంటీ. మీరు వెళ్ళండి."

అప్పుడు నాకు నోరు పెగిలింది. ఓరిన్ కథ, కాగితం, కెప్టెన్, మతి చెదరడం, అన్నీ అందరి ముందూ కక్కేశాను. కర్ట్ గుమ్మం నుంచి పక్కకి తప్పుకున్నాడు. పాస్టరు భార్య మాత్రం, "అయినా అంత కఠినంగా ఉండాలా?" అంది.

వెల్దా నన్నే చూస్తోంది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను, సిగ్గులేకుండా.

"ఐదేళ్ళ పైనే పట్టింది నీకు నోరు రావడానికి," అంది. "వచ్చి, దాని పిచ్చితనాన్ని సమాధి మట్టి ఆరకముందే వీళ్ళకి వడ్డించావు. చెప్పొద్దన్నదిగదే, పాపిష్టిదానా."

కోటు గుండీలు పెట్టుకుని మంచులోకి నడిచింది. ఏప్రిల్లో ఇల్లు అమ్మి, డకోటాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ విప్పకుండానే తిరిగొచ్చాయి.