ఎర్రచుక్క పెట్టిన గ్లాసు

ఒక్క చుక్క గోళ్ళరంగుతో ఒక సంఘం మొత్తానికి నోరు మూయించిన ఆడమనిషి రాజోలు చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను, ఈ మాట కాస్త గొప్పగానే చెప్పుకుంటున్నాను. మొన్న మా చర్చి నూరేళ్ళ పండగకి సంచిక వేస్తున్నామని చెప్పి, కమిటీవాళ్ళు రాసిన కాయితాలు తప్పులు దిద్దమని నా దగ్గర పెట్టి వెళ్ళేరు. అందులో స్త్రీల సమాజం చేసిన మంచిపనుల కింద, సంస్కారానికి ఒకే గిన్నె బదులు ఎవరి గ్లాసు వారికి ఏర్పాటు చేసి సంఘానికి ఆరోగ్య నియమాలు నేర్పినది ఫలానా అమ్మగారు అని నా పేరు రాసి ఉంది. పాత మినిట్స్ పుస్తకంలో చూసి రాసేరట. ఆ మినిట్స్ రాసిందీ నేనే కాబట్టి తప్పుపట్టడానికి ఇంకెవరూ లేరు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివేను. కొట్టేద్దామా అంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. అలా చెప్పేదేదో ఆ రోజులు చూసిన నా ఈడువాళ్ళకి ముందు చెప్పడం న్యాయమనిపించి ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు అమలాపురం. నాన్నగారిది గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు అమ్మే ఫ్యాన్సీ కొట్టు, బాబాయిది చెప్పుల కొట్టు, మేనమామది కిళ్ళీ కొట్టు, అంచేత నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. కొట్టు ముందు ఇద్దరు దెబ్బలాడుకుంటూ ఉంటే ఎవరిది తప్పో తేల్చకూడదనీ, ఇద్దరికీ చెరో వస్తువు అంటగట్టి నవ్వుతూ సాగనంపాలనీ నాన్నగారు చెప్పేవారు. ఆ ఒక్క తెలివితో ప్రపంచమంతా ఏలేయొచ్చని నేను చాలాకాలం నమ్మేను. పెళ్ళయి రాజోలు దగ్గర ఈ పల్లెకి వచ్చేక చూస్తే, మా అత్తవారిది బేరం చెయ్యడం నామోషీ అనుకునే మాస్టర్ల ఇల్లు. మామగారి తాతలు పొలం పనులు చేసినవారు, మామగారు చదువుకుని హెడ్మాస్టరుగా రిటైరయ్యేరు, సంఘపెద్ద కూడాను. ఆయన ఆదివారం తెల్లపంచె కట్టుకుని చర్చికి నడుస్తుంటే దారిలో మాట్లాడుకునేవాళ్ళు కూడా గొంతు తగ్గించేవారు.

ఆయన చిన్నకొడుకు, అంటే మా మరిది, చదువు అబ్బక కొబ్బరికాయల లారీ ఎక్కేడు. కలకత్తా అనీ బొంబాయి అనీ తిరిగి, వచ్చినప్పుడల్లా పిల్లలందరికీ మిఠాయిలు తెచ్చేవాడు, ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నవ్వించేవాడు. తొంభైలు దాటుతుండగా ఆ మనిషి ఎండిపోవడం మొదలుపెట్టి, చివరికి మంచం మీద దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియకుండా అయి, చనిపోయేడు. ఏమిటి జబ్బని అడిగినవాళ్ళకి కామెర్లని చెప్పమన్నారు మామగారు, చెప్పేం. చెప్పి చెప్పి మేమే నమ్మేసేం. ఆ తరవాత కాకినాడ పెద్దాసుపత్రిలో మా తోటికోడలికి రక్తం పరీక్ష చేసి, మరిదికి వచ్చిందే ఆమెకీ ఉందని చీటీ ఇచ్చేరు. మేము ఇల్లు చేరడానికి రెండు బస్సులూ, గోదావరి దాటే పంటూ పట్టింది గానీ, ఆ కబురుకి అవేమీ అక్కర్లేకపోయింది, మాకంటే ముందే ఊళ్ళోకి వచ్చేసింది.

అప్పట్లో మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు. ఒకే వెండిగిన్నె, ముందు మగవాళ్ళు, తరవాత ఆడవాళ్ళు వరసగా మోకరిస్తే పాస్టరు అయ్యగారు గిన్నె అందిస్తూ వచ్చేవారు. ఆ కబురు వచ్చిన నెల నుంచీ ఆడవాళ్ళ వరసలో ఒక చిత్రమైన తొందర మొదలైంది. అందరూ మా తోటికోడలికంటే ముందు మోకరించాలని చూసేవారు. రెండు నెలలు తిరిగేసరికి ఆమె తనంతట తనే చివరకి వెళ్ళి నిలబడటం అలవాటు చేసుకుంది. అయినా కొంతమందికి సరిగ్గా మొదటి ఆదివారమే తలనొప్పి రావడం, చుట్టాలు రావడం జరిగేది. ఒక్కరూ నోరు విప్పి ఫలానా అందుకని అనలేదు. మా సంఘంలో కష్టమైన మాట ఏదైనా సరే, తాగుడైనా, ఇంటి గొడవైనా, గల్ఫుకి వెళ్ళిన మొగుడు చేసుకున్న రెండో పెళ్ళయినా, పైకి రాబోతూ ఉంటే ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామండీ అనేవారు. ప్రార్థన మొదలైతే ఇంకెవరు మాట్లాడతారు? అందరం ఆమేనని లేచి చెప్పులు తొడుక్కునేవాళ్ళం.

అక్కడ నా తెలివి పనిచేసింది. పిడికెడు బియ్యం పోగుచేసి అమ్మగా సమాజానికి వచ్చిన డబ్బు నా దగ్గరే ఉండేది. రాజమండ్రి వెళ్ళి, మందు కొలిచే సైజులో రెండువందల చిన్నగ్లాసులు బేరం చేసేను. ఎంత గట్టిగా చేసేనంటే, బ్రాందీ షాపు పెడుతున్నారా అమ్మా అని అడిగేడు కొట్టువాడు. లేదు నాయనా, చర్చికి అంటే, ఇంకా అనుమానంగా చూసేడు. ఎవరి గ్లాసు వారికి అయ్యేక ముందూ వెనకా లేదు, తొందరా లేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. వారం తిరక్కుండానే గ్లాసులు కడిగే ఆడవాళ్ళు చెరువుగట్టు మీద నన్ను పక్కకి పిలిచేరు. కడిగేక అన్నీ కలిసిపోతాయి కదండీ, వచ్చే నెల అది ఎవరి నోటికి వస్తుందో ఏమిటో అన్నారు. దెబ్బలాట తేల్చకూడదు, ఇద్దరినీ నవ్వుతూ సాగనంపాలి. నాన్నగారి కొట్టునుంచి తెచ్చుకున్న ఎర్ర గోళ్ళరంగు సీసా తీసి, ఒక గ్లాసు అడుగున చిన్నచుక్క పెట్టేను. తోటికోడలు అలవాటుకొద్దీ చివరే మోకరించేది, ట్రేలో చివర అదే ఉండేటట్టు సర్దే పని కూడా నేనే తీసుకున్నాను. అయ్యగారికి తెలియదు, మామగారికి తెలియదు. తోటికోడలికి తెలియకపోతే ఆమెకి బాధ ఎక్కడిది అని నా లెక్క.

మూడో నెల ఆమె తాగిన గ్లాసు ట్రేలో పెట్టబోతూ, ఎందుకో వెలుగుకేసి పైకెత్తింది. అడుగు చూసింది. తరవాత నాకేసి కాదు, తన చేతికేసి చూసుకుని గ్లాసు మెల్లగా పెట్టి వెళ్ళిపోయింది. మరుసటి నెల ముందుకు రాలేదు, వెనక గోడ దగ్గర చాపమీదే కూర్చుంది. ఆ మరుసటి నెలా అంతే. ఆమె ప్రతి ఆదివారమూ వచ్చేది, పాటలు పాడేది, ఆ ఒక్క వేళకి మాత్రం తలవంచుకుని కూర్చునేది. ఇద్దరం ఒకే వాకిట్లో బియ్యం ఏరుకుంటూ కూడా ఆ సంగతి ఎత్తలేదు. అలా పద్నాలుగు నెలలు.

ఈలోగా అయ్యగారు మారేరు. కొత్తగా వచ్చినాయన సన్నగా, కుర్రవాడిలా ఉంటే, ఈయన మనకేం చెబుతాడులే అనుకున్నాం. ఆయనా మాకేమీ చెప్పలేదు, అదే వచ్చిన చిక్కు. ఆరాధన అయ్యేక చర్చి పక్క కొబ్బరాకుల పందిట్లో చాపలు పరిపించి, ఇష్టమున్నవారు కూర్చోండి, మనల్ని బాధపెట్టేవి మాట్లాడుకుందాం అన్నారు. ప్రార్థన ముందే చేసేసేరు, మాట పూర్తయ్యేదాకా మళ్ళీ ప్రార్థన అనడానికి వీల్లేదన్నారు. ఒకరిమీద ఒకరు బైబిలు వాక్యాలు విసరకూడదన్నారు. ఎదుటివాళ్ళు చేసింది కాదు, ఎవరు చేసింది వారే చెప్పాలన్నారు. మొదటి రెండు వారాలు కాకుల అరుపులు తప్ప ఏమీ వినబడలేదు. మూడో వారం ఒకాయన తన తాగుడు గురించి నాలుగు ముక్కలు చెప్పి కళ్ళు తుడుచుకుంటే, మాకందరికీ ఆయన మీద జాలికంటే భయం ఎక్కువ వేసింది, తరవాత వంతు మనదేమోనని.

ఒక ఆదివారం అయ్యగారు ఆసుపత్రి నర్సమ్మగారిని పిలిపించేరు. ఆ జబ్బు గిన్నెవల్ల రాదు, గ్లాసువల్ల రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు అని ఆవిడ విడమరిచి చెప్పేరు. ఆయ్, ఆయ్ అని అందరం తలలు ఊపేం. తెలియక చేస్తున్నామని ఆవిడ అనుకున్నారు పాపం, మాకు సగం ముందే తెలుసు. అయ్యగారు ఇంకెవరైనా చెప్పేది ఉందా అన్నారు. అప్పుడు వెనకనుంచి మా తోటికోడలు లేచింది. ఆమె అంతమందిలో మాట్లాడటం నేనదే మొదటిసారి చూడటం.

“నా గ్లాసు అడుగున ఎర్రచుక్క ఉందండి. అది ఎవరు పెట్టేరో నాకు తెలుసు. వాళ్ళే చెప్తారని చూస్తున్నానండి.”

అని కూర్చుంది. కడిగే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, అందరూ నా మొహమే చూసేరు. నేను ఆ నిమిషంలో కూడా మనసులో బేరమే ఆడేను, ఎంత తక్కువ చెబితే చెల్లుతుందా అని. లేచి, సమాజంలో అందరూ కంగారు పడుతుంటే మేము ఏదో మంచికేనని అనుకుని అంటూ మొదలుపెట్టేను. అయ్యగారు మెల్లగా, మేము వద్దమ్మా, నేను అనండి అన్నారు. ఆ ఒక్క మాట మార్చేసరికి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

“నేనే పెట్టేనండి,” అన్నాను.

మామగారు లేచేరు. ఆయన నన్ను తిడతారని పందిరంతా ఎదురుచూసింది, నేను కూడా. ఆయన నాకేసి చూడలేదు. తన చిన్నతనంలో కొత్తపేట దారిలో టీకొట్టు దగ్గర వాళ్ళ నాన్నగారి గ్లాసు బయట చూరులో దోపి ఉండేదని, తీసుకుని తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపాలని చెప్పేరు. తన గ్లాసు కూడా అక్కడే ఉండేదని చెప్పేరు. ఆ మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

“ఆ చూరు కిందనుంచి లేచొచ్చి ఈ బల్ల దగ్గర మోకరించేమండీ. మనమే గ్లాసుకి గుర్తు పెట్టేం. నేను కూడా ఒకటి చెప్పాలి. మా అబ్బాయికి కామెర్లు కాదండీ.”

అని కూర్చున్నారు. అలవాటు చొప్పున ఎవరో ప్రార్థన అని అనబోయి ఊరుకున్నారు. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ మాత్రం, నర్సమ్మగారు చెప్పింది అర్థమైందండీ, అయినా నాకు భయం పోవట్లేదు, నేనేం చెయ్యను అంది. నిజం చెప్పాలంటే అందరిలోకీ నిజాయితీ ఆవిడదే. అయ్యగారు ఏదో అనేలోపు మా తోటికోడలే జవాబిచ్చింది.

“భయమైతే భయమని నా మొహం మీదే చెప్పు వదినా, నేను తట్టుకుంటాను. నాతో నవ్వి, చాటుకెళ్ళి చెయ్యి కడుక్కోకు.”

ఆ మరుసటి నెల మళ్ళీ వెండిగిన్నె బయటికి తీసేం. వరసలో తోటికోడలు మధ్యలో మోకరించింది, ఆమె పక్కన నేను మోకరించేను, ఆమె తరవాత నేను తాగేను. నర్సమ్మగారు అంత చెప్పినా గిన్నె నా పెదవులకి తగిలేటప్పుడు ఒళ్ళు ఒక్కసారి ఝల్లుమంది, అదీ రాయాల్సిందే. చంటిపిల్ల తల్లి ఆ నెల రాలేదు, రాలేకపోతున్నానని ముందురోజు ఇంటికొచ్చి చెప్పి వెళ్ళింది, నాలుగో నెలకి వచ్చింది. మూడు కుటుంబాలు వేరే ప్రార్థనమందిరానికి వెళ్ళిపోయేయి, వాటిలో ఒకటే తిరిగొచ్చింది. వాళ్ళ నాన్నగారి చేత ఆ మాట పదిమందిలో అనిపించేనని మా ఇంటాయన నాతో నెలన్నర మాట్లాడలేదు, మంచినీళ్ళు కూడా పిల్లల చేత అడిగించుకున్నారు. నేను పందిట్లోకి వెళ్ళడం మానలేదు. రెండు వానాకాలాలు చాపలు నేనే పరిచేను, నేనే చుట్టేను. ఆ ఏడే పొరుగూరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు మా తోటికోడల్ని వెతుక్కుంటూ వచ్చి, మాకూ అదేనమ్మా అని చెప్పుకుని, ఆమెతో కలిసి ఆసుపత్రికి బస్సెక్కేరు. మందులు ఊరికే ఇవ్వడం మొదలైన రోజులవి. ఆ ఇద్దరిలో ఒకావిడ మొన్న మనవరాలి బారసాలకి పిలిచింది.

ఇప్పుడు మా చర్చి మేడయింది, గోడకి పెద్ద తెర, పాటలు అందులోనే వస్తాయి. పందిరి ఉన్నచోట బళ్ళు పెడుతున్నారు. ఆ అయ్యగారికి బదిలీ అయ్యేక వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, బాగా ప్రసంగిస్తారు, ఆరాధన కాగానే అందరూ బళ్ళు తీసుకుని వెళ్ళిపోతారు. ఫోనుల్లో పందేలు కాసి ఇళ్ళు గుల్ల చేసుకుంటున్న పిల్లల గురించీ, మనలో మనమే కులం చూసి ఆపేస్తున్న పెళ్ళిళ్ళ గురించీ అందరికీ తెలుసు, కమిటీలో ఎత్తితే మళ్ళీ ఎవరో కళ్ళు మూసుకుంటున్నారు. నేను మాత్రం మొదటి ఆదివారం బళ్ళ పక్కన నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నాను. ఒక్కో నెల ముగ్గురొస్తారు, ఒక్కో నెల నేనొక్కదాన్నే. ఓపిక ఉన్నన్నాళ్ళు వేస్తాను.

సంచికలో ఆ వాక్యం కొట్టేసేను, కమిటీవాళ్ళు ఎందుకని అడిగితే ఇదంతా చెప్పేను. మా తోటికోడలు ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది, నాకు జ్వరమొస్తే జావ కాచి ఇచ్చింది, నా మీద వేళాకోళాలు ఆడింది, ఆఖరిరోజుల్లో నా చేతిమీదే మందులు వేసుకుంది. నిన్ను క్షమించేను అక్కా అని మాత్రం ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు కూడా. అడిగితే అనేస్తుందని నాకు తెలుసు, అంత సుళువుగా తీరేది కాదని కూడా తెలుసు. ఆమె నా మూలాన గోడ దగ్గర తలవంచుకుని కూర్చున్నవి పద్నాలుగు నెలలు, అందులో ఒక్క నెల కూడా తగ్గించమని నేనెవరినీ అడగలేదు.