నాన్న ఊపిరి కసరత్తు

ఈ రోజు నాన్నని మళ్లీ డయాలసిస్‌కి తీసుకెళ్లాను. ఈ తిరుగుడుతో నేనూ అలిసిపోయాను, కానీ ఆ మాట ఆయనకి చెప్పను.

నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నారని అక్కడ ఫిజియోథెరపీ చేయించే బెంగాలీ దిదీ ఆ మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చింది. నోట్లో పెట్టుకుని, లోపలి స్ప్రింగు బిగువుకి ఎదురుగా గాలి లాగాలి. ఊపిరి పీల్చే కండరాలకి అది కసరత్తట. పక్కన మిషన్ తిరుగుతుంటే నాన్న వెళ్లిన ప్రతిసారీ విసుక్కుంటూనే చేస్తున్నారు.

ఇవాళ కాసేపు లాగి, దాన్ని నా ఒళ్లో పడేశారు. "పాడైపోనాదమ్మా ఇది. గాలి రావట్నేదు. నేపోతే నా పనే అయిపోనాదో ఏటో."

పరుగున వెళ్లి దిదీని పిలుచుకొచ్చాను. ఆవిడ నవ్వి నాన్నతో హిందీలో అంది: "పాడవలేదు కాకూ. స్ప్రింగు ఇందాక నేనే బిగించాను. మీకు బలం వచ్చింది, పాత బిగువు ఇక చాలదు."

నాన్న పరికరం అందుకుని, "చెప్పి బిగించొచ్చు కదేటి!" అంటూ మళ్లీ నోట్లో పెట్టుకున్నారు.

సాయంత్రం వాట్‌గంజ్ పేటలో మా ఇంటి మెట్ల మీద, ఎప్పుడూ సగంలో కూలబడే మనిషి, దిదీని తిట్టుకుంటూ ఎక్కడా కూర్చోకుండా పైదాకా ఎక్కేశారు. వెనకాల సంచీ మోస్తూ ఆయాసపడింది నేను. ఆ పరికరం లాంటిది నాకూ ఒకటి అడగమంటారా?