మంద అమ్మి రైతైన మునస్వామి

వడమాలపేట దాటి కొండవైపు మళ్ళితే ఒకే వరసలో, ఒకే రంగులో కొన్ని ఇళ్ళు కనిపిస్తాయి. నేను చాలా ఊళ్ళు తిరిగాను. మనుషులు ఉండడానికి కాక ఫొటో తీసుకోవడానికి కట్టిన ఊరు మాత్రం ఇదొక్కటే. తొంభైల చివర్లో గొర్రెల కాపరులను ఒకచోట కూర్చోబెట్టి రైతులను చేద్దామని కట్టారు. తలా రెండెకరాలు, బోరు నీళ్ళు, ఒక ఇల్లు. షరతు ఒక్కటే, గొర్రెలను అమ్మేయాలి. నడిచేవాణ్ణి చూస్తే కూర్చున్నవాడికి ఒళ్ళుమంట. చరిత్ర పుస్తకాలు తిరగేయండి, ప్రతి రాజుకూ ఇదే జబ్బు. సరే, మునస్వామి సంగతికి వస్తాను.

అతను పుట్టిందే మందలో. కోతలయ్యాక పుత్తూరు చుట్టుపక్కల రైతులు కబురంపేవారు. వాళ్ళ మళ్ళలో రాత్రిళ్ళు మంద కట్టేవాడు. ఎరువు వాళ్ళకు, వడ్లు ఇతనికి. అందుకే ‘రైతు’ అనే మాటకు మునస్వామి దగ్గర ఒకటే అర్థం: మంద కోసం ఎదురుచూసేవాడు.

కాలనీ ప్లాను గీసిన గిరిప్రసాద్ పెద్ద చదువులు చదివిన ఆఫీసరు. ఆయన పటంలో బోరుంది, పైపులున్నాయి, ఆఖరికి ఆర్చి కూడా ఉంది.

“మంద యాడ కట్టాల సార్?” అన్నాడు మునస్వామి, ఆఫీసులో ఆ పటం చూసి.

“ఇంకా మందేమిటయ్యా? రేపట్నుంచి నువ్వు రైతువి!”

“నేను రైతునైతే నా సేన్లో మంద కట్టేదెవురు సార్?”

గదంతా నవ్వింది. ఆఫీసుల్లో నవ్వు పైనుంచి కిందికి దిగుతుంది; ఆయన నవ్వాడు కనుక అటెండరూ నవ్వాడు.

మునస్వామి వద్దనుకునేవాడే. భార్య చెంగమ్మ పట్టుబట్టింది. “బిడ్డల్ని సెట్టుకింద కన్నా. ఒక్క వానకాలమన్నా తడవకుండా పండుకోవాల. నీ గొర్రెలకంటే తీసిపోయినానా మామా?”

మంద అమ్మేశాడు. కుక్క మిగిలింది, కొనేవాడు లేక.

ఎర్రమన్ను, గులకరాళ్ళ నేల. నీళ్ళు పారాయి, వేరుశనగ మొలిచింది, పసుపురంగుకు తిరిగి అక్కడే ఆగింది. “నేలలో సారం లేదు, మంద కట్టించుకోండి,” అని సలహా ఇచ్చిపోయారు, మందలన్నీ అమ్మించిన ఆ ఆఫీసర్లే!

మరుసటి ఎండాకాలం తమిళనాడు వైపునుంచి ఒక మంద వచ్చింది. దాని కాపరి, గట్టు మీదున్న మునస్వామిని చూసి కేకేశాడు.

“ఏం రైతూ, మంద కట్టమంటావా?”

మునస్వామి వెనక్కి తిరిగి చూశాడు, ఆ రైతు ఎవరా అని.

“నిన్నేనప్పా! వడ్లేమిస్తావు?”

“వడ్లు యాడివి? బదులుగా నీ మందను కాస్తా. పైవూరిదాకా వస్తా.”

ఆ రాత్రి మంద మునస్వామి చేన్లో పడుకుంది. తెల్లారి కదిలింది, వెనకే మునస్వామి. అందరికంటే ముందు కుక్క పరుగెత్తింది. మొగుడు పైవూరితో ఆగడని తెలిసిన చెంగమ్మ గడపలో నిలబడి అరిచింది:

“వానలకు వచ్చేయి మామా! వచ్చేటప్పుడు నాలుగు గొర్రెపిల్లల్ని తే. ఇంట్లోనే కడదాం. మంద యాడ కట్టాలని అడిగినావు గదా, ఆ సారు కట్టిచ్చిన గది దానికే సరిపోతాది!”