బడి గ్రౌండులో వంద గజాల ప్లాట్లు

నా నౌకరీ చుట్టూ నేనే సున్నంతో గీత గీసుకున్న వైనం చెప్తాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు చెమటలు పట్టాయి.

మొయినాబాద్ దగ్గర ఒక ఊరి బడిలో లెక్కల సారుగా కొత్తగా చేరాను. తాత్కాలిక కొలువు. వచ్చే ఏడు ఉంచాలో పంపాలో హెడ్మాస్టరు గారి చేతిలో ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్లు పొలాల చుట్టూ తిరుగుతున్న రోజులవి. ఎక్కడ చూసినా రాళ్లు పాతిన ప్లాట్లే. మా ఐదో తరగతికి మాత్రం వైశాల్యం ఎంతకీ తలకెక్కేది కాదు. పొడవూ వెడల్పూ కూడేసి నా ముఖం చూసేవారు.

హెడ్మాస్టరు గారు మండలాఫీసులో మీటింగుకు వెళ్లిన రోజు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పిల్లలతో గ్రౌండు కొలిపించి, సున్నంతో వంద గజాల గళ్లు గీయించాను. ఒకటి పదికి పది, పక్కది ఇరవైకి ఐదు. ఆకారం వేరైనా వైశాల్యం ఒకటేనని అందరికీ అర్థమైపోయింది. ఆ హుషారులో మూలలకు రాళ్లు పెట్టించాను, నంబర్లు వేయించాను, మధ్యలో రోడ్డు కూడా వదిలించాను. వెంచర్లు చూస్తూ పెరిగిన పిల్లలు కదా, నాకంటే బాగా గీశారు.

అన్నం తిని వచ్చేసరికి గేటు ముందు తెల్ల కారు. అందులోంచి దిగిన పట్నం ఆయనకు మా ఐదో తరగతి యాదమ్మ ప్లాటు చూపిస్తోంది.

"ఇది ఈస్ట్ ఫేసింగ్ సార్. ఇరవైని ఐదుతోని గుణిస్తే వంద గజాలు."

"ఎవరితో మాట్లాడాలమ్మా?"

"గా సారుతోని," అని నన్ను చూపించింది.

నేను నోరు తెరిచేలోపే సర్పంచ్ వచ్చాడు, వెనక సగం ఊరు.

"ఏం సారూ, బడి జాగ అమ్ముతున్నరా?"

"లేదు సర్పంచ్ సాబ్, పాఠం చెప్తున్న."

"నంబర్లేసి, రోడ్డిడిచి చెప్తరా పాఠం?"



అంతలో హెడ్మాస్టరు గారు బస్సు దిగి వచ్చారు. నా కొలువు ఊడినట్టే అనుకున్నాను. ఆయన పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ఒక్కో ప్లాటు వైశాల్యం అడిగారు. అందరూ తడుముకోకుండా చెప్పారు. ఊరి వాళ్లు మెత్తబడ్డారు, కారు వెళ్లిపోయింది.

"పిల్లలకైతే వచ్చింది. వచ్చే ఏడు గూడ నువ్వే చెప్పు," అన్నారు నాతో. హమ్మయ్య అనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "గని, ఐదు గజాల వెడల్పుల ఇల్లెట్ల కడ్తరయ్యా? గా ప్లాటు ఎవరు కొంటరు? జర చూసి గీయాలె కద."

సాయంత్రం చీపురుతో గ్రౌండంతా ఊడుస్తూ, ఇక ఈ జన్మలో సున్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. తర్వాతి పాఠం ఘనపరిమాణం నాలుగు గోడల మధ్యే, బకెట్టు నీళ్లతో చెప్పాను. సున్నం మళ్లీ ముట్టలేదు. పాన్ కూడా సున్నం లేకుండానే కట్టించుకుంటాను.