అమ్మ పెట్టిన కబ్జా

మా చిన్నప్పుడు... ఎండాకాలం చివర్లో బొంబాయి నుంచి మూటలతో ఇల్లు చేరేసరికి మా ఇంటికి తలుపు లేదు. ఎవరో ఊడదీసి గోడకు ఆనించారు. లోపల మా చిన్నాయిన మేకలు నెమరేస్తూ మమ్మల్నే చూస్తున్నాయి.

బిజినేపల్లి దగ్గర ఒక పల్లె మాది. రెండు వేల మూడో, నాలుగో... నాకు తొమ్మిదేళ్లుంటాయి. అమ్మానాన్న ఏటా బడి మానిపించి నన్ను వెంటబెట్టుకుని కట్టడం పనులకు వలస పోయేవాళ్లు. ఇంటి తాళంచెవి నాన్న తమ్ముడికే, అంటే చిన్నాయినకే ఇచ్చి పోయేవాళ్లం.

పక్కింటి ఎల్లమ్మత్త అమ్మతో మెల్లగా చెప్పింది. "మీ మరిది ఇల్లు కబ్జా చేసిండు వదినె."

నాకు తెలిసిన కబ్జా ఒక్కటే... తలుపును దర్వాజకు పట్టి ఉంచే ఇనుప మడత బందు. పోయి చూశాను. నిజంగానే రెండు కబ్జాలూ లేవు. "అవునమ్మా, పీక్కపోయిండు" అన్నాను. ఏడవబోతున్న అమ్మ కాస్తా నవ్వేసింది. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు ఆ రోజే తెలిసింది...

చిన్నాయిన వచ్చి నింపాదిగా చెప్పాడు. "మీరు ఊర్ల ఉండనే ఉండరు. ఇల్లు ఉత్తగ పడి ఉన్నదని, అడ్డమొచ్చే తలుపు ఊడదీసి మేకల కట్టేసిన. ఈ నాలుగు దినాలు యాడన్న సర్దుకోరి."

నాన్న మెత్తని మనిషి. "తమ్ముడే గద, లొల్లెందుకు? వానకాలం అయినంక మల్ల పోనే పోతం" అన్నాడు.

"పోతే నువ్వు పో. నేను, పిల్ల ఈడనే ఉంటం" అంది అమ్మ.

ఆ పూట ఎల్లమ్మత్త ఇంట్లో తలదాచుకున్నాం. తెల్లారి అమ్మ నన్ను తీసుకుని ఆటోలో నాగర్‌కర్నూల్ పోయింది. ఇనుప సామాన్ల దుకాణంలో "ఎంత పెద్ద కబ్జాలు గావాలె?" అని అడిగారు.

"మల్ల ఎవ్వడు పీకరానంత" అంది అమ్మ.

ఊర్లో వడ్ల పని, అంటే వడ్రంగం చేసే నర్సయ్య తాతను తలుపు బిగించమని అడిగితే ఆయన వెనకాడాడు. "అన్నదమ్ముల లొల్లిల నేను రాను బిడ్డా. సామాన్లు గావాలంటే తీస్కపో."

అమ్మ ఆయన పనిముట్లే తెచ్చుకుంది. ముందు మేకలన్నిటినీ విప్పి, తోలుకుపోయి, చిన్నాయిన వాకిట్లోనే కట్టేసి వచ్చింది. ఇల్లు ఊడ్చి, అలికింది. ఆ తర్వాత తలుపు... వేప చెక్కది, మహా బరువు. నాన్న, నేను పట్టుకున్నాం. అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని స్క్రూలు తిప్పడం మొదలుపెట్టింది. పాత బొక్కలు వదులైపోయి స్క్రూ నిలవడం లేదు. వాటిలో చెక్క పుల్లలు కొట్టి మళ్లీ తిప్పింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు.

వాడకట్టంతా చేరింది. చిన్నాయిన కూడా వచ్చాడు.

"ఏం చేస్తున్నవ్ వదినె?"

అమ్మ వెనక్కి తిరగలేదు. "కబ్జా పెడ్తున్న."

అందరూ గొల్లున నవ్వారు. చిన్నాయిన ముఖం ఎర్రబడింది. ఒక అడుగు ముందుకేశాడు. అప్పుడు నాన్న, రెండు చేతులతో తలుపు మోస్తూనే, "జర అవుతలికి జరుగు తమ్మీ. తలుపు నిలవడనీ" అన్నాడు. నాన్న ఆయనకు ఎదురు మాట్లాడగా నేను వినడం అదే మొదలు...

జనంలోంచి నర్సయ్య తాత బయటికొచ్చాడు. "వంకరవోతున్నది బిడ్డా, ఇటియ్యి" అని అమ్మ చేతిలోంచి స్క్రూలు తిప్పే పేచ్‌కస్ తీసుకున్నాడు. ఇక చిన్నాయిన అక్కడ నిలబడలేదు.

ఆ ఏడు నాన్న ఒక్కడే వలస పోయాడు. మరుసటి ఏడు ఆయనా పోలేదు. అమ్మ చేన్లలో కూలికి పోతూ నన్ను బడి మానిపించకుండా చదివించింది. ఒక్క తలుపు దగ్గర మా బతుకు దారే మళ్లింది... ఇదంతా రాయగలుగుతున్నానంటే అందుకే.

చిన్నాయిన చాలా రోజులు మాట్లాడలేదు. ఒక దసరాకు, పండుగనాడు పెద్దల చేతిలో పెట్టే జమ్మి ఆకు పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడ్డాడు. అమ్మ లోపలికి పిలిచి చాయ పోసింది.

ఇప్పుడు ఊరికి పోతే ఎటు చూసినా ఇనుప గేట్లు, పట్టపగలే గడియలు... ఎల్లమ్మత్త ఇంటికి పోవాలన్నా ముందు ఫోన్ చేయాల్సి వస్తోంది.

మీ ఇంట్లోనూ ఒక రోజు మొండిగా నిలబడి అందరి బతుకూ మార్చిన మనిషి ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి. రాసింది వాళ్లకూ ఒకసారి చదివి వినిపించండి.